చివరి వరుసకూ ఆనే స్లైడ్లు: డిజైన్ చదవనివాళ్ళు ఎలా తయారు చేసుకోవాలి?

నెల్లూరు, ప్రకాశం వైపు స్లైడ్లు చేయాల్సి వచ్చేవాళ్ళలో డిజైన్ చదివినవాళ్ళు దాదాపు ఉండరు. కావలిలో సెమినార్ ఇవ్వాల్సిన డిగ్రీ అమ్మాయి, కనిగిరి వైపు తాగునీళ్ళ గురించి ఊళ్ళో చెప్పాలనుకున్న సైన్స్ టీచరు, చీమకుర్తి గ్రానైట్ యార్డులో బయటి దేశం కొనుగోలుదారుకి బ్లాకులు చూపించాల్సిన మేనేజరు, ముత్తుకూరు దగ్గర రొయ్యల రైతుల మీటింగులో మాట్లాడాల్సిన టెక్నీషియన్. వీళ్ళందరికీ తమ పని బాగా తెలుసు. తెలిసిన విషయం తెర మీదికి వచ్చేసరికి మాత్రం చీమల బారుల్లాంటి అక్షరాలైపోతుంది. వెనక కూర్చున్నాయన "ఆనడం లేదు సార్" అంటాడు, ముందు కూర్చున్నాయన ఫోను తీస్తాడు.

దీన్ని సరిచేయడానికి కోర్సు అక్కర్లేదు, ఖరీదైన టెంప్లేట్లూ అక్కర్లేదు. కొన్ని నిర్ణయాలు సరైన వరసలో తీసుకుంటే చాలు. మొదట ఏం చెప్పాలో తేల్చుకోవాలి, తర్వాత అది అందరికీ కనపడేలా చేయాలి, అలంకారం గురించి ఆ తర్వాతే ఆలోచించాలి. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతాం. ముందు టెంప్లేట్ ఎంచుకుని, అందులోని ఖాళీ గళ్ళు నింపుకుంటూ పోతాం.

మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. రొయ్యల గుంటల్లో రాత్రిపూట ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది, ఏం చేయాలి అన్నది రైతులకి చెప్పాలి. ఇరవై నిమిషాల సమయం ఉంది. మీ విషయం వేరే అయినా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: కంప్యూటర్ తెరవకండి, కాగితం తీయండి

మీటింగ్ అయిపోయి ఇంటికి వెళ్ళేటప్పుడు వినేవాళ్ళు ఏం గుర్తుపెట్టుకోవాలి? ఏం చేయాలి? దాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "ఆక్సిజన్ యాజమాన్యం" అని రాస్తే అది వాక్యం కాదు, అందులో చేయాల్సింది ఏమీ లేదు. "తెల్లవారుజామున ఏరేటర్లు ఆపొద్దు" అనేది వాక్యం (ఏరేటర్ అంటే గుంట నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రం). ఇది రాయలేకపోతున్నారంటే ఇంకా స్లైడ్ల దాకా రాలేదని అర్థం. ఇంకో పూట ఆలోచించండి, తొందరేం లేదు.

ఆ వాక్యం దగ్గరికి మనిషిని నడిపించే చిన్న వాక్యాలు దానికింద రాయండి. మన ఉదాహరణలో ఇలా వస్తాయి:

పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది.
రాత్రి తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు.
అందుకే తెల్లవారే ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది.
బాగా తగ్గితే రొయ్య మేత మానేస్తుంది, జబ్బులకి లోనవుతుంది.
పగలంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి ప్రమాదం ఇంకా ఎక్కువ.
కాబట్టి తెల్లవారుజామున ఏరేటర్లు ఆపొద్దు.
కరెంటు పోతే వెంటనే స్టార్ట్ అయ్యేలా జనరేటర్ సిద్ధంగా ఉంచుకోండి.

ఏడు వాక్యాలు, ఏడు స్లైడ్లు. ముందు పేరు చెప్పే స్లైడ్ ఒకటి కలిపితే ఎనిమిది. ఇరవై నిమిషాలకి ఇది సరిపోతుంది. ఈ వాక్యాలని పైనుంచి కిందికి గట్టిగా చదవండి. మధ్యలో ఎక్కడైనా "అదెలా?" అనిపిస్తే అక్కడ ఒక వాక్యం తక్కువైంది. తీసేసినా కథ నడుస్తుందనిపించిన వాక్యాన్ని తీసేయండి. నీళ్ళ ఉప్పదనం గురించి, సీడ్ నాణ్యత గురించి మీకు తెలిసిన మంచి సంగతులు ఇంకా చాలా ఉంటాయి. వాటికి ఇంకో మీటింగ్ ఉంది. తెలిసిందంతా ఒకేరోజు చెప్పాలనుకోవడం రైతు మీద ప్రేమతోనే, కాదనను. కానీ పది విషయాలు విన్నవాడు ఏ ఒక్కటీ చేయకుండా ఇంటికి వెళ్తాడు.

రెండో అడుగు: ఆ వాక్యాన్నే శీర్షికగా పెట్టండి

స్లైడ్ పైన పెద్ద అక్షరాల్లో "పరిచయం", "ఫలితాలు", "ముగింపు" అని పెట్టడం మనకి కాలేజీ నుంచి అలవాటు. ఆ చోటు స్లైడ్ మొత్తంలో అందరి కళ్ళూ మొదట పడే చోటు. అక్కడ "ఆక్సిజన్ స్థాయులు" అని పెడితే చూసేవాడికి ఏం తెలిసింది? "తెల్లవారే ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ" అని పెడితే, ఆ క్షణంలో పక్కవాడితో మాట్లాడుతున్నవాడికి కూడా విషయం అందుతుంది.

ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక నిజమైన సంఘటన ఉంది. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయల్దేరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఒకటి దాని ఎడమ రెక్కకి తగిలింది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే, ఆ దెబ్బ ఎంత ప్రమాదమో నాసా అధికారులకి ఇంజనీర్లు స్లైడ్ల మీద వివరించారు. అందులో ఒక కీలకమైన స్లైడ్ శీర్షిక ఫరవాలేదన్న భావం కలిగించేలా ఉంది. అసలు సంగతి మాత్రం ఆ స్లైడ్‌లో అట్టడుగున, చిన్న అక్షరాల ఉప పాయింట్‌లో ఉండిపోయింది. పాత పరీక్షలు 3 ఘనపు అంగుళాల ముక్కతో చేసినవి, ఇప్పుడు తగిలింది సుమారు 1920 ఘనపు అంగుళాల ముక్క. అంటే 640 రెట్లు పెద్దది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి ఆ స్లైడే కారణమని అనలేం. కానీ విచారణ సంఘం తన నివేదికలో ఆ స్లైడ్‌ని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. అది చదివే పెద్ద అధికారికి ప్రాణాల మీదికి వచ్చిన విషయమని ఎందుకు తట్టకపోవచ్చో వివరించింది.

మన గుంటల విషయంలోనూ ప్రమాదం చెప్పే మాట ఏదైతే ఉందో అది పైనే ఉండాలి, పెద్దగా ఉండాలి. అయిదో బుల్లెట్ కింద మూడో చుక్కగా ఉండకూడదు.

శీర్షిక రెండు లైన్లు దాటకుండా చూసుకోండి. దాటుతోందంటే అందులో రెండు విషయాలు దూరాయి, రెండు స్లైడ్లు చేయండి. స్లైడ్ల సంఖ్య పెరుగుతుందని టెన్షన్ పడొద్దు. పది నిమిషాలు నిలబెట్టిన ఒక కిక్కిరిసిన స్లైడ్ కంటే నిమిషానికొకటి చొప్పున మారే పది తేలిక స్లైడ్లు నయం.

మూడో అడుగు: మీరు చెప్పేది తెర మీద రాయకండి

తెర మీద పేరా ఉంటే జనం దాన్ని చదువుతారు. చదివేటప్పుడు మీ మాట వినరు. మీరు కూడా అదే పేరాని చదువుతుంటే వాళ్ళు మీకంటే ముందే చదివేసి ఎదురుచూస్తూ కూర్చుంటారు. కాబట్టి వివరణ మీ నోట్లో ఉండాలి, తెర మీద శీర్షిక, దానికి సాక్ష్యంగా ఒక బొమ్మో గ్రాఫో రెండు మూడు పొట్టి మాటలో ఉండాలి. చెప్పాల్సింది మర్చిపోతామన్న భయం ఉంటే ప్రతి స్లైడ్ కింద ఉండే నోట్స్ గడిలో రాసుకోండి. ప్రజెంటర్ వ్యూ పెడితే అది మీ ల్యాప్‌టాప్‌లో మీకు మాత్రమే కనపడుతుంది.

"మా సార్ స్లైడ్లు మెయిల్ చేయమంటారు, అందులో అన్నీ ఉండాలి కదా" అని అడుగుతారు. న్యాయమైన ఇబ్బందే. దానికి విడిగా రెండు పేజీల కాగితం తయారు చేయండి. మోతాదులు, ఫోన్ నంబర్లు, లెక్కల పట్టికలు అన్నీ అందులో పెట్టండి. తెర మీద చూపించేదీ చేతికిచ్చేదీ ఒకటే కావాలనుకున్నప్పుడే రెండూ పాడవుతాయి.

నాలుగో అడుగు: తెలుగు అక్షరానికి చోటివ్వండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. స్లైడ్ల గురించి దొరికే సలహాలన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి, టెంప్లేట్లూ అంతే. వాటిని అలాగే తీసుకుంటే తెలుగు నలిగిపోతుంది.

ముందుగా ఫాంట్ యూనికోడ్‌దేనా, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలోదేనా చూసుకోండి. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన మేటర్ పుస్తకాలకీ ఫ్లెక్సీలకీ బాగానే ఉంటుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే మాత్రం అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు వస్తాయి. మీటింగ్ హాల్లో ఉండేది మీ కంప్యూటర్ కాదు. టైపింగ్ రాకపోతే ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి మాట్లాడండి, తప్పులు దిద్దుకుని ఆ మేటర్‌ని స్లైడ్‌లోకి తెచ్చుకోండి. అది యూనికోడ్‌లోనే వస్తుంది.

ఏ ఫాంట్? నోటో సాన్స్ తెలుగు, మండలి రెండూ ఉచితం, రెండూ తేటగా ఉంటాయి. నోటోలో సన్నం నుంచి బాగా లావు దాకా చాలా రకాలున్నాయి కాబట్టి శీర్షికకీ లోపలి మాటలకీ అదొక్కటే సరిపోతుంది. శీర్షిక ఇంకా బరువుగా కావాలంటే రామభద్ర వాడొచ్చు, కానీ లోపలి మాటలకి వద్దు. ఏమీ దించుకునే వీల్లేకపోతే విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ ఫరవాలేదు. గౌతమి గీతలు సన్నవి, ప్రొజెక్టర్ వెలుగులో పలచబడిపోతాయి. గూగుల్ స్లైడ్స్ వాడేవాళ్ళు ఫాంట్ల జాబితాలో మరిన్ని ఫాంట్లు అనేది నొక్కి లిపి దగ్గర తెలుగు ఎంచుకుంటే నోటో, మండలి, రామభద్ర దొరుకుతాయి. ఒక ప్రజెంటేషన్‌కి ఒక ఫాంట్, మహా అయితే రెండు.

సైజు విషయంలో మొహమాటం వద్దు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు పట్టాలి కాబట్టి చాలా ఫాంట్లలో అసలు అక్షరం చిన్నదిగా గీస్తారు. ఒకే సైజు పెట్టినా పక్కనున్న ఇంగ్లీషు కంటే తెలుగు చిన్నగా కనపడటం అందుకే. లోపలి మాటలు 28 పాయింట్లకి తగ్గించకండి, శీర్షిక 40 ఉండనివ్వండి. మేటర్ పట్టలేదని సాఫ్ట్‌వేర్ దానంతట అదే అక్షరాలు తగ్గించేస్తుంది. ఆ ఆటోఫిట్‌ని ఆపేయండి. పట్టకపోతే మాటలు తగ్గాలి, అక్షరం తగ్గకూడదు.

లైన్ల మధ్య దూరం మనవాళ్ళు దాదాపు ఎవరూ ముట్టుకోరు. పవర్‌పాయింట్‌లో మామూలుగా వచ్చే టెంప్లేట్‌లో లోపలి మాటల లైన్ల దూరం 0.9 ఉంటుంది. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగులో పై లైన్‌లోని "ష్ణ", "త్త్వ", "స్త్రీ" వత్తులు కింది లైన్ గుడిదీర్ఘాల్లోకి దిగిపోతాయి. దాన్ని 1.2 నుంచి 1.3 దాకా పెంచండి. ఈ ఒక్క మార్పుతో స్లైడ్‌కి ఊపిరి వస్తుంది.

తెలుగు మాట కింద గీత గీయొద్దు, అది వత్తుల్ని కోసుకుంటూ పోతుంది. ఇటాలిక్ పెట్టొద్దు, ఆ వాలు మన లిపిలో లేదు, బలవంతంగా వంచితే గుండ్రాలు చెడతాయి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ కూడా వాడొద్దు, వత్తు ఒకచోట అక్షరం ఒకచోట పడే ప్రమాదం ఉంది. నొక్కి చెప్పాలంటే లావు చేయండి, లేదా రంగు మార్చండి. రెండిట్లో ఒకటే.

ఇంకొకటి, లైన్ ఎక్కడ విరగాలో మీరే చూసుకోండి. "తెల్లవారుజామున ఏరేటర్లు / ఆపొద్దు" అని విరిగితే చివరి మాట అనాథలా పడుంటుంది. "తెల్లవారుజామున / ఏరేటర్లు ఆపొద్దు" అంటే చదవడానికి హాయి. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కితే పేరా మారకుండా లైన్ మాత్రమే విరుగుతుంది.

అయిదో అడుగు: అన్నీ ఒకే గీత మీద

డిజైనర్ చేసిన స్లైడ్‌కీ మనం చేసిన స్లైడ్‌కీ మొదట కనపడే తేడా వరస. ఎడమవైపు ఒక నిలువు గీత ఊహించుకుని శీర్షిక, మాటలు, బొమ్మ అంచు అన్నీ అక్కడినుంచే మొదలయ్యేలా పెట్టండి. పవర్‌పాయింట్‌లో ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే గైడ్ గీతలు వస్తాయి. రెండు మూడు వస్తువుల్ని కలిపి ఎంచుకుని అలైన్ ఆదేశం ఇస్తే కంటి అంచనా అవసరం లేకుండా సర్దుకుంటాయి. మధ్యకి సర్దడం శుభలేఖకి అందంగా ఉంటుంది. రెండు లైన్లు దాటిన విషయాన్ని మాత్రం ఎడమకే సర్దండి.

అంచుల్లో చుట్టూ ఖాళీ వదలండి. ఆ ఖాళీ చూసి అక్కడ లోగో, ఇక్కడ పువ్వు పెట్టాలనిపిస్తుంది. ఆ కోరికని ఆపుకోండి. మీ సంస్థ లోగో మొదటి స్లైడ్‌లోనూ చివరి స్లైడ్‌లోనూ ఉంటే చాలు.

ఒక స్లైడ్ సరిగ్గా కుదిరాక దాన్నే డూప్లికేట్ చేసి మేటర్ మార్చుకుంటూ వెళ్ళండి. ఇరవై స్లైడ్లు దాటే పని అయితే స్లైడ్ మాస్టర్‌లో ఫాంట్లు, రంగులు ఒకసారి పెట్టేసుకోవడం మేలు. అప్పుడు ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది.

ఆరో అడుగు: రంగులు ప్రొజెక్టర్‌ని బట్టి

ల్యాప్‌టాప్ మీద మెరిసిన రంగు తెర మీద ఎందుకు వెలిసిపోతుంది? ప్రొజెక్టర్ వెలుగుని మాత్రమే పంపగలదు, నలుపుని పంపలేదు. తెర మీద మీకు కనపడే నలుపు ఆ గదిలో తెరకి ఉన్న మామూలు రంగే. మన ఫంక్షన్ హాళ్ళలో, పంచాయతీ ఆఫీసుల్లో పట్టపగలు కిటికీలు తెరిచి, ట్యూబులైట్లు వేసి మీటింగ్ పెడతారు. అలాంటిచోట ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు బూడిదరంగు మీద తెలుపులా తేలతాయి. అందుకే పగటి మీటింగులకి తెల్ల నేపథ్యం, నల్లటి అక్షరాలు పెట్టండి. చీకటి చేయగలిగిన ఆడిటోరియమో పెద్ద ఎల్ఈడీ తెరో ఉందని ముందే తెలిస్తే ముదురు నేపథ్యం వాడుకోవచ్చు.

నలుపు, తెలుపు, బూడిద. వీటితో పాటు ఒకే ఒక రంగు ఎంచుకోండి. ఆ రంగు ఎక్కడ కనపడితే అక్కడ చూడాలని రెండో స్లైడ్‌కల్లా జనానికి అర్థమైపోతుంది. మన ఉదాహరణలో ప్రమాదాన్ని చూపించే చోట్ల నారింజ వాడాం అనుకుందాం, ఇక ఆ నారింజ ఇంకెక్కడా రాకూడదు. తెలుపు మీద పసుపు అక్షరాలు, నీలం మీద ఎరుపు అక్షరాలు అసలు వద్దు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వాళ్ళు మగవాళ్ళలో తక్కువేమీ కాదు. మంచిది పచ్చ, చెడ్డది ఎరుపు అని రంగుతోనే చెప్పి ఊరుకోకుండా పక్కన మాట కూడా రాయండి.

మన ప్రాంతంలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. కొన్ని రంగుల జోడీలు చూడగానే పార్టీ జెండా గుర్తొస్తుంది. ఊళ్ళో అందరికీ చెప్పాల్సిన విషయానికి ఆ ముద్ర పడితే సగంమంది వినకముందే దూరమవుతారు. మట్టిరంగో ముదురు ఊదారంగో ఎంచుకుంటే ఏ గొడవా ఉండదు.

ఏడో అడుగు: లెక్కల్ని చూపించడం

ఎక్సెల్ పట్టికని అలాగే తెచ్చి అతికించడం అన్నిటికంటే ఎక్కువగా కనపడే పొరపాటు. కనిగిరి టీచరు విషయమే చూడండి. కనిగిరి చుట్టుపక్కల మండలాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది పాత బాధ. ఆయన దగ్గర ఊళ్ళవారీగా కొలతలున్నాయి. గ్రామం, తేదీ, బోరు నంబరు, ఫ్లోరైడ్, ఉప్పదనం, రిమార్కులు అని ఆరు నిలువు వరసలు. ఊళ్ళో చెప్పాల్సింది ఒక్కటే, ఏ బోరు నీళ్ళు తాగొద్దు అని. కాబట్టి ఊళ్ళ పేర్లు, ఫ్లోరైడ్ అంకె తప్ప మిగతావన్నీ తీసేయాలి. అడ్డంగా సాగే పట్టీల గ్రాఫ్ గీసి, ఎక్కువ ఉన్న ఊరు పైన, తక్కువ ఉన్నది కింద వచ్చేలా సర్దాలి. లీటరుకి 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఒక నిలువు గీత గీసి "ఇది దాటితే తాగొద్దు" అని రాయాలి. గీత దాటిన పట్టీలకి నారింజ, మిగతావాటికి బూడిద. తన ఊరు గీతకి ఏ వైపున ఉందో చదువురాని అవ్వ కూడా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని తెలుసుకోగలదు.

మన ఆక్సిజన్ విషయానికి గీతల గ్రాఫ్ కావాలి, ఎందుకంటే అది గంట గంటకీ మారేది. అడ్డంగా ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా గంటలు, నిలువుగా లీటరుకి మిల్లీగ్రాములు. గీత పొద్దున్నించి ఎక్కుతుంది, మధ్యాహ్నం దాటాక శిఖరం చేరుతుంది, పొద్దుగూకాక దిగుతూ తెల్లవారే ముందు అడుగుకి చేరుతుంది. 4 మిల్లీగ్రాముల దగ్గర అడ్డగీత గీయండి. గ్రాఫ్ దానికింద ఉన్నంత మేరా లేత నారింజ పట్టీ వేసి "ఈ గంటల్లో జాగ్రత్త" అని ఆ పట్టీ మీదే రాయండి. అంకెలు మాత్రం మీ ప్రాంతంలో మీటరు పెట్టి కొలిచినవే వాడండి. తన ఊరి గుంటలో తీసిన లెక్క అంటే రైతు ఇంకోలా చూస్తాడు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గ్రాఫ్‌లో తీసేయాల్సినవి చాలా ఉంటాయి. వెనకుండే గళ్ళ గీతలు, చుట్టూ చట్రం, ఏ రంగు ఏదో చెప్పే మూల పెట్టె, అన్నీ పోవచ్చు. పేరుని గీత చివరనే రాసేస్తే కన్ను అటూ ఇటూ తిరగక్కర్లేదు. త్రీడీ గ్రాఫ్ ఎప్పటికీ వద్దు, వంపు వల్ల ముందున్న ముక్క పెద్దదిగా, వెనకున్నది చిన్నదిగా కనపడి లెక్క అబద్ధమైపోతుంది. పట్టీల గ్రాఫ్ సున్నా నుంచే మొదలవ్వాలి. అలాకాకపోతే చిన్న తేడా కొండంతగా కనపడుతుంది. నమ్మి వచ్చినవాళ్ళకి అలా చూపించడం తప్పు. గుండ్రటి పై (pie) చార్టులో మూడు ముక్కలు దాటితే పట్టీలకి మారిపోండి.

పెద్ద అంకెల్ని లక్షల్లో, కోట్లలో చెప్పండి. 12,47,386 రూపాయల కంటే "సుమారు 12.5 లక్షలు" తొందరగా బుర్రకెక్కుతుంది. అసలు అంకె చేతికిచ్చే కాగితంలో ఉంటుంది కదా.

ఎనిమిదో అడుగు: ఫొటోలు మీవే

నెట్‌లో దొరికే, సూటు వేసుకుని చేతులు కలుపుకుంటున్న విదేశీయుల బొమ్మలు మన మీటింగులో ఎవరికీ ఏమీ చెప్పవు. మీ ఫోన్ తీసుకుని గుంట దగ్గరికి వెళ్ళండి. ఏరేటర్ తిరుగుతున్నప్పుడు ఒకటి, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మిగిలిపోయిన మేత ఒకటి, పొద్దున్నే నీళ్ళపైకి వచ్చిన రొయ్యలు కనపడితే అదొకటి. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని తీయండి, తెర అడ్డంగానే ఉంటుంది కాబట్టి. సూర్యుణ్ణి వెనక పెట్టుకోండి. గ్రానైట్ పలకని తీసేటప్పుడు పక్కన స్కేలో మనిషో ఉంటే సైజు తెలుస్తుంది. చీమకుర్తి గెలాక్సీ రాయిలో మెరుపు చుక్కలు కొంచెం పక్కనుంచి వెలుగు పడినప్పుడే బయటపడతాయి.

ఫొటో పంపించుకునేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. స్లైడ్‌లో పెద్దది చేసేటప్పుడు మూలని పట్టుకుని లాగండి, పక్క అంచుని లాగితే మనుషులు పొట్టిగానో పొడుగ్గానో సాగిపోతారు. నాలుగు చిన్న ఫొటోల బదులు ఒక్క మంచి ఫొటోని తెర నిండా పెట్టి, అడుగున నల్లటి పట్టీ వేసి దానిమీద తెల్ల అక్షరాల్లో శీర్షిక రాయండి. తిన్నగా ఫొటో మీదే రాస్తే ఆకుల్లో, అలల్లో అక్షరాలు కలిసిపోతాయి. మనుషుల ముఖాలు కనపడితే వాళ్ళని అడిగి వాడుకోండి. వేరేవాళ్ళ ఫొటో తప్పనిసరైతే వికీమీడియా కామన్స్‌లో వెతికి, తీసినవాళ్ళ పేరు మూలన వేయండి.

యానిమేషన్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎగురుతూ, తిరుగుతూ వచ్చే అక్షరాలు వద్దు. గ్రాఫ్‌లో ముందు గీత, తర్వాత ప్రమాదం పట్టీ రావాలనుకుంటే ఉన్నచోటే కనపడేలా చేసే అపియర్ ఒక్కటి చాలు.

తొమ్మిదో అడుగు: అయిదడుగుల వెనక్కి వెళ్ళి చూడండి

హాల్లో తెర ఎత్తు 5 అడుగులు, చివరి వరుస 40 అడుగుల దూరంలో ఉందనుకుందాం. అంటే చివరివాళ్ళు తెర ఎత్తుకి 8 రెట్ల దూరంలో ఉన్నారు. మామూలు ల్యాప్‌టాప్ తెర ఎత్తు సుమారు 8 అంగుళాలు. దానికి 8 రెట్లు 64 అంగుళాలు, అయిదడుగుల పైచిలుకు. స్లైడ్‌ని తెర నిండా పెట్టి అంత వెనక్కి వెళ్ళి నిలబడి చదవండి. కళ్ళు చికిలించాల్సి వస్తే చివరి వరుసకి అది లేనట్టే. ఈ పరీక్ష చేయకుండా ఏ ప్రజెంటేషన్‌నీ బయటికి పంపొద్దు.

తర్వాత ఇంట్లో ఆ విషయం తెలియని ఒకరిని పిలవండి. ఒక్కో స్లైడ్‌ని అయిదు సెకన్లు చూపించి మూసేసి "ఏం అర్థమైంది?" అని అడగండి. పెద్దమ్మ "తెల్లారేముందు గాలి తగ్గుద్దంట" అందంటే ఆ స్లైడ్ అయిపోయినట్టే. "ఏదో గీతలున్నాయి" అందంటే పెద్దమ్మకి వివరించడం మొదలుపెట్టకండి, ఏడో అడుగుకి తిరిగి వెళ్ళండి. హాల్లో నూటయాభైమందికి విడివిడిగా వివరించే అవకాశం మీకు ఉండదు.

పదో అడుగు: హాలుకి వెళ్ళే ముందు

ఫైల్‌ని రెండు రకాలుగా దాచుకోండి. అసలు ఫైల్ ఒకటి, పీడీఎఫ్ ఒకటి. పీడీఎఫ్‌లో ఫాంట్లు కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఎవరి కంప్యూటర్లోనైనా తెలుగు చెదరదు. పవర్‌పాయింట్ ఫైల్‌లోనే ఫాంట్ వెళ్ళాలంటే విండోస్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ అనే చోట ఫాంట్లని ఫైల్‌లో ఇమడ్చమనే గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మీ మెయిల్‌లో ఒక కాపీ. కొత్త ల్యాప్‌టాప్‌లకి హెచ్‌డీఎంఐ పోర్టో యూఎస్‌బీ-సి పోర్టో ఉంటుంది, పాత ప్రొజెక్టర్లకి వీజీఏ కేబుల్ వస్తుంది. మధ్యలో పెట్టే కన్వర్టర్ మీదే ఒకటి సంచీలో వేసుకోండి.

పాత ప్రొజెక్టర్లు 4:3 ఆకారంలో ఉంటాయి. మీ స్లైడ్లు 16:9 అయితే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి అక్షరాలు ఇంకా చిన్నవవుతాయి. ముందురోజే ఫోన్ చేసి ప్రొజెక్టర్ ఏదో అడిగి, కావాలంటే సైజు మార్చి అన్ని స్లైడ్లూ మళ్ళీ ఒకసారి చూసుకోండి. మార్చినప్పుడు బొమ్మలు జరిగిపోతాయి.

అరగంట ముందు చేరి, ఒక్క స్లైడ్ పెట్టి, చివరి కుర్చీలో కూర్చుని చూడండి. అక్కడినుంచి తెర కింది భాగం ముందువాళ్ళ తలల వెనక పోతుందా? పోతే ముఖ్యమైనది ఏదీ స్లైడ్ కింది పావు భాగంలో ఉండకూడదు. తెర మీద ఎండ పడుతుంటే కిటికీకి దుప్పటైనా కట్టమని అడగండి, ఎవరూ కాదనరు.

మాట్లాడేటప్పుడు ఎఫ్5తో మొదలుపెట్టండి. మధ్యలో ఆగిపోతే షిఫ్ట్, ఎఫ్5 కలిపి నొక్కితే ఉన్న స్లైడ్ నుంచే మొదలవుతుంది. ఎవరైనా ప్రశ్న అడిగి చర్చ సాగుతుంటే బి నొక్కండి, తెర నల్లబడి అందరూ మీవైపు తిరుగుతారు. మళ్ళీ బి నొక్కితే స్లైడ్ వస్తుంది. ఫలానా స్లైడ్ మళ్ళీ చూపించమని అడిగితే దాని నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. అందుకోసం స్లైడ్ల నంబర్ల జాబితా ఒక చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి.

కరెంటు పోవచ్చు. గ్రాఫ్ ఉన్న స్లైడ్ ఒక్కటి ఏ3 కాగితం మీద పెద్దగా ప్రింట్ తీయించి దగ్గర పెట్టుకుంటే, జనరేటర్ వేసేలోగా దాన్ని చేత్తో పట్టుకుని రైతుల మధ్యకి వెళ్ళి చెప్పొచ్చు. మీటింగ్ అయ్యాక ఆ కాగితాన్ని మేత గోడౌన్ గోడకి అంటించి రండి. పీడీఎఫ్‌ని రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి, రెండు పేజీల కాగితం మాత్రం ఎవరి చేతికి వాళ్ళకి ఇవ్వండి.